పథ్యమిత్ర ఒప్పుకుంటేనే మాత్ర

కొత్తరేవు ప్రభుత్వాసుపత్రిలో మంగళవారం బీపీ వారం. ఊళ్లో రక్తపోటు ఉన్నవాళ్లంతా ఆ రోజు పొద్దున్నే వచ్చి, వరండా బల్లల మీద సర్దుకుని కూర్చుని, ఒకరి అంకె ఒకరికి చెప్పుకుని, "నీకన్నా నాకే ఎక్కువ" అని కాస్త గర్వపడి, వారానికి సరిపడా మాత్రలు పట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. డాక్టర్ ఇందుమతి చేతికి పట్టీ చుట్టి పోటు చూసేది. ఫార్మసిస్టు వీర్రాజు మాత్రలు ఇచ్చేవాడు. ఈ పద్ధతిలో ఉన్న లోపమల్లా ఒకటే. అది బాగానే నడుస్తోంది. బాగా నడుస్తున్నదాన్ని చూస్తూ చేతులు కట్టుకు కూర్చోవడం పై ఆఫీసులకు ఏనాడూ చేతకాలేదు.

ఒక బుధవారం జిల్లా కేంద్రం నుంచి పెద్ద పెట్టె ఒకటి, చిన్న కవరు ఒకటి వచ్చాయి. పెట్టెలో ఇనుప అల్మరా ఉంది. దానికి తాళం కప్ప లేదు, తాళంచెవి రంధ్రం లేదు, ఒక వైరు మాత్రం ఉంది. కవరులో ఆ అల్మరా ఎందుకు వచ్చిందో చెప్పే పద్నాలుగు పేజీల ఉత్తర్వు ఉంది. "రక్తపోటు ఔషధములకును ఆహార పదార్థములకును మధ్య సంభవించు పరస్పర చర్యల నిర్వహణలో వైద్యులకు తోడ్పడు నిమిత్తము 'పథ్యమిత్ర' అను కంప్యూటరు కార్యక్రమమును ప్రవేశపెట్టడమైనది" అని మొదలైంది.

చదివి ఇందుమతి నిజంగానే సంతోషపడింది. ఉప్పు ఎక్కువైతే మాత్ర పని చేయదని ఆమె పదేళ్లుగా గొంతు చించుకుంటోంది. కొన్ని మాత్రలు వేసుకునేవాళ్లు కొబ్బరినీళ్లు, అరటిపళ్లు తెగ తింటే ప్రమాదం. కొత్తరేవులో మంచినీళ్లడిగితే కొబ్బరిబొండాం కొట్టిస్తారు. ఏ మాత్రకు ఏది పడదో ఒక యంత్రం గుర్తు చేస్తే అంతకన్నా ఏం కావాలి?

మర్నాడు శిక్షణ ఇవ్వడానికి డిప్యూటీ డైరెక్టర్ దక్షిణామూర్తిగారు స్వయంగా వచ్చారు. ఆయన నోరు విప్పితే ఉత్తర్వే లేచి నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది.

"రోగి గడచిన ఇరవై నాలుగు గంటలలో భుజించిన సమస్త పదార్థములను నమోదు చేయవలెను. పిమ్మట రోగి తాను చెప్పినదంతయు నిజమని వేలిముద్ర వేయవలెను. పథ్యమిత్ర పరిశీలించి ఆకుపచ్చ గానీ ఎరుపు గానీ చూపించును. ఆకుపచ్చ వచ్చినచో అల్మరా తనంతట తాను తెరుచుకొనును."

"ఎరుపు వస్తే సార్?" అంది ఇందుమతి.

"తెరుచుకోదు."

"అంటే ఉప్పు ఎక్కువ తిన్నవాళ్లకి మాత్రలు ఇవ్వమా? అందరికన్నా వాళ్లకే కదండీ ముందు కావాల్సింది?"

దక్షిణామూర్తిగారు జాలిగా నవ్వారు. "డాక్టరుగారూ, ఔషధమునకూ ఆహారమునకూ పొసగనప్పుడు రెండింటిలో ఒకదానిని నిలుపుదల చేయవలెను. అవునా? ఆహారము ప్రజల ఇళ్లలో ఉన్నది. అది మన పరిధిలోనికి రాదు. మాత్ర మన అల్మరాలో ఉన్నది. కావున మన పరిధిలో ఉన్నదానిని నిలుపుదల చేయుచున్నాము."

వెనక నుంచి వీర్రాజు, "పోనీ అలాంటోళ్లు బయట షాపులో కొనుక్కుంటారు లెండి" అన్నాడు.

"ఊరిలోని మందుల షాపులన్నింటినీ ఇప్పటికే పథ్యమిత్రకు అనుసంధానించితిమి" అన్నారు దక్షిణామూర్తిగారు సంతృప్తిగా. ఆసుపత్రి వాళ్లు పెట్టిన బిస్కెట్లలో ఉప్పువి ఏరుకుని తిని, కారెక్కి వెళ్లిపోయారు.

మొదటి మంగళవారం నూట పన్నెండు మంది వచ్చారు. మొట్టమొదట కూర్చున్నది రిటైర్డ్ పోస్టుమాస్టరు భీమశంకరంగారు.

"నిన్న ఏం తిన్నారు మాస్టారూ?" అని అడిగింది ఇందుమతి, కంప్యూటరు మీద వేళ్లు పెట్టుకుని.

గోదావరి పక్క ఈ ప్రశ్నకు ఒక మర్యాద ఉంది. ఎవరైనా ఏం తిన్నారని అడిగితే, తిన్నది చెప్పరు. అడిగినవాళ్ల మనసుకు ఏది హాయిగా ఉంటుందో అది చెబుతారు. చుట్టాలడిగితే కడుపు నిండా తిన్నామంటారు, లేకపోతే వాళ్లు మళ్లీ పొయ్యి వెలిగిస్తారు. డాక్టరడిగితే ఏమీ తినలేదన్నంత పని చేస్తారు. పచ్చడి పేరు డాక్టరు ముందు ఎత్తడం పెద్దల ముందు కాలు మీద కాలు వేసుకున్నంత తప్పు.

"ఏముందండీ డాక్టరుగారూ, ఏదో కాస్త చారన్నం" అన్నారు భీమశంకరంగారు.

కంప్యూటరు జాబితాలో చీజు పదకొండు రకాలుంది, ఓట్స్ ఏడు రకాలున్నాయి, చారు లేదు. ఇందుమతి వెతికి వెతికి "సూపు" అని నొక్కింది. సూపులో ఉప్పు ఎంత అని అడిగింది యంత్రం. వేలిముద్ర వేయాలన్న భయంతో పోస్టుమాస్టరుగారు నిజం ఒలకబోశారు. చారుకు ముందు ముద్దపప్పు, అందులో ఆవకాయ, పక్కన అప్పడం, చివర మజ్జిగలో ఊరమిరపకాయలు. ఆవకాయ ఎన్ని గ్రాములని యంత్రం అడిగితే, "గ్రాములేంటండీ, బద్దండి. బద్ద మీద బద్ద" అన్నారు. తెర ఎర్రగా మండిపోయింది. అల్మరా కదల్లేదు.

ఆ రోజు అల్మరా తెరుచుకున్నది ముగ్గురికి. ముగ్గురికీ జ్వరం, గంజి తప్ప ఏమీ దిగలేదు. ఒక ముసలాయన ఉపవాసం అన్నాడు. ఖాళీ కడుపున మాత్ర వేయరాదని యంత్రం ఎరుపు చూపించింది. గోంగూర పచ్చడిని జాబితాలో చేర్చమని వీర్రాజు దరఖాస్తు పెడితే, నమూనా పంపమన్నారు. వాళ్లావిడ చేత కొత్త పచ్చడి చేయించి సీసాడు పంపాడు. "మీరు పంపిన ఖాళీ సీసా అందినది, నమూనా అందలేదు" అని పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది.

ఆ జవాబు వచ్చిన సాయంత్రమే వీర్రాజు కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో తిండి పేరే నొక్కుతూ పోయాడు. రెండు గంటలు కష్టపడి పట్టేశాడు. ఉప్పు లేని ఇడ్లీలు రెండు, పల్చటి మజ్జిగ ఒక గ్లాసు. తెర పచ్చగా నవ్వింది, అల్మరా టక్కున తెరుచుకుంది. ఈ సంగతి వీర్రాజు వాళ్లావిడ ఒక్కరికే చెప్పాడు. తెల్లారేసరికి ఊరందరికీ తెలిసింది.

రెండో మంగళవారం పని గంటలో అయిపోయింది.

"ఏం తిన్నారమ్మా?"

"ఇడ్లీ రెండండి, మజ్జిగండి."

"మీరో?"

"అదేనండి."

"మాస్టారూ, మీరు?"

"ఉప్పు లేని ఇడ్లీలండి, రెండే రెండు" అన్నారు భీమశంకరంగారు. ఆయన తెల్ల చొక్కా జేబు మీద ఆవకాయ నూనె మరక నాలుగు వేళ్ల వెడల్పున ఉంది. ఇందుమతి మరక చూసింది, ఆయన మొహం చూసింది, ఇడ్లీ అని కొట్టింది. ఆయన వేలిముద్ర వేసి, మాత్రలు కళ్లకద్దుకుని వెళ్లారు. అబద్ధమైతే అయింది, మందు అందుతోంది కదా అని ఇందుమతి తన మనసుకు సర్దిచెప్పుకుంది. నూట పదకొండు మందికి అలాగే సర్దిచెప్పుకుంది.

నూట పన్నెండో మనిషి మైలపల్లి నూకరత్నం. చేపల రేవులో ఎండుచేపలు అమ్ముతుంది. అరవై దాటినా గంప నెత్తిన పెట్టుకుని నాలుగు ఊళ్లు తిరుగుతుంది. ఆమె పోటు నూట తొంభై ఆరు బై నూట పన్నెండు. ఆసుపత్రి మొత్తం మీద ఇందుమతిని భయపెట్టే అంకె అదొక్కటే. నూకరత్నం అక్కకు నిరుడు ఇలాగే ఉండి, ఒక పొద్దున పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది.

"ఏం తిన్నావు నూకరత్నమ్మా?" అంది ఇందుమతి, ఇడ్లీ మీద వేలు పెట్టి ఉంచుకుని.

"ఎండుసేపల పులుసండి. అన్నంలోకండి. పొద్దుటికి అదే సద్దన్నంలోకి ఏసుకున్నానండి."

ఇందుమతి వేలు ఆగిపోయింది. "ఇడ్లీ తినలేదూ?"

"లేదండి."

"రెండు ఇడ్లీలు తిన్నానని చెప్పమ్మా. అందరూ చెబుతున్నారు."

"అందరూ తిన్నారేమోనండి. నేను తిన్లేదు కదండి."

వీర్రాజు కల్పించుకున్నాడు. "ఒసే నూకరత్నమక్కా, తినక్కర్లేదే. అని వేలిముద్ర ఎయ్యి చాలు."

"ఏలు నాది కదా తమ్ముడా?" అంది నూకరత్నం. "నలబై ఏళ్లుగా ఆ సేపలే అమ్ముకుని బతుకుతున్నాను. ఆటిని తిన్లేదని ఏలు ఎట్టి ఒట్టెయ్యమంటావేంటి? రేపు నా గంపలో సరుకు ఎవుడు కొంటాడు?"

ఇందుమతికి ఏడుపొచ్చినంత పనైంది. "నీకు మాత్ర చాలా అవసరం నూకరత్నమ్మా. చెయ్యి పడిపోతే గంప ఎవరు ఎత్తుతారు? అబద్ధం చెప్పవు, మరి ఎండుచేప మానవు. నన్నేం చెయ్యమంటావు?"

"మీరు సెప్పిందాన్లో నాయముందండి" అని నూకరత్నం లేచి, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. దేనిలో న్యాయముందో చెప్పలేదు. మూడో మంగళవారం రాలేదు. నాలుగో మంగళవారమూ రాలేదు.

నెల తిరిగేసరికి జిల్లాలో కొత్తరేవు పేరు మారుమోగిపోయింది. నూటికి తొంభై తొమ్మిది మంది ఉప్పు మానేసి ఇడ్లీ తింటున్న ఊరు మరొకటి లేదని పథ్యమిత్ర తేల్చింది. దక్షిణామూర్తిగారు శాలువాతో వచ్చి ఇందుమతికి కప్పారు. చేతిలో అద్దం కట్టిన ప్రశంసాపత్రం పెట్టారు. అంతవరకూ బాగానే ఉంది. శాలువా కప్పాక ఆయన తన కాగితాలు మరోసారి తిరగేశారు, కనుబొమలు ముడిపడ్డాయి.

"డాక్టరుగారూ, ప్రజలు ఉప్పు మానివేసినారు. అయిననూ పోటు తగ్గలేదేమి?"

చెప్పడానికి ఇదే అదను అనుకుంది ఇందుమతి. "సార్, వాళ్లు నిజం చెప్పడం లేదండి. మాత్ర కోసం ఇడ్లీ అంటున్నారు."

"వేలిముద్రలున్నవి కదా?"

"ఉన్నాయండి."

"అయినచో నిజమే. ఒకవేళ అసత్యమని మీరు లిఖితపూర్వకముగా తెలియజేసినచో, ఆ అసత్యమును నమోదు చేసిన ఉద్యోగి ఎవరో విచారించవలసి వచ్చును." ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. "ఎవరు నమోదు చేసినారు?"

ఇందుమతి భుజం మీద శాలువా సర్దుకుంది. దానికి ఆమె చాలా రోజులు సిగ్గుపడింది.

దక్షిణామూర్తిగారు రెండు వారాలు తలుపు వేసుకుని మథనపడి, చివరికి కారణం కనిపెట్టారు. కొత్తరేవులో రక్తపోటు ఉన్నవారందరూ ఒకే పదార్థము తినుచున్నారు. ఆ పదార్థము ఇడ్లీ. కావున రక్తపోటుకు కారణము ఇడ్లీ. ఉత్తర్వు మీద ఆకుపచ్చ ఇంకుతో సంతకం పడింది, ఇడ్లీ ఎరుపులోకి వెళ్లింది. మర్నాటికి ఆసుపత్రి గోడ మీద పుర్రె బొమ్మ, దాని కింద రెండు ఎముకలు, వాటి కింద రెండు ఇడ్లీలు. మార్కెట్టు వీధిలో టిఫిన్ హోటల్ ఇడ్లీ పాత్రకు లక్క సీలు పడింది. "ఇడ్లీ నిర్మూలన కమిటీ" అని ఏడుగురితో ఒకటి వేసి, దాని మొదటి సమావేశానికి టిఫిన్‌గా ఏం పెట్టాలన్న దాని మీద మూడు గంటలు చర్చించారు. హోటలాయన గల్లాపెట్టె దగ్గర గొంతు తగ్గించి, తెలిసినవాళ్లకు మాత్రం "లోపలున్నాయి, నెయ్యి కారం వేసి కట్టనా?" అని అడిగేవాడు. నిజానికి ఆయన వ్యాపారం పెరగనూ లేదు, తగ్గనూ లేదు. ఊళ్లో ఇడ్లీలు తిన్నామన్నవాళ్లెవరూ ఇడ్లీలు తినడం లేదు కదా.

వీర్రాజు మళ్లీ ఓ సాయంత్రం కూర్చుని ఉప్పులేని ఉప్మా కనిపెట్టాడు. మంగళవారానికి ఊరంతా ఉప్మా తింది. నెలయ్యేసరికి ఉప్మా ఎరుపైంది. ఆ తర్వాత ఊరు రాగిజావ తాగింది, అది ముప్పై రోజులు బతికింది. బొప్పాయి మూడు వారాలు బతికింది. చివరికి వీర్రాజు విసిగిపోయి "కాచి చల్లార్చిన నీళ్లు" అని కొట్టాడు. ఆకుపచ్చ వచ్చింది.

"నిన్నంతా ఏం తీసుకున్నారు మాస్టారూ?"

"నీళ్లండి" అన్నారు భీమశంకరంగారు త్రేనుస్తూ. "కాచినవండి."

ఆ వారమంతా కొత్తరేవు బీపీ రోగులు నీళ్లు తాగి బతికారని పథ్యమిత్ర రాసుకుంది. వాళ్ల సగటు బరువు కిలో పెరిగిందని కూడా రాసుకుంది. దీని మీద రాజధాని నుంచి అభినందన లేఖ వచ్చింది. ఆ వెంటనే నీళ్ల మీద విచారణ మొదలైంది.

ఈ గోలంతటి మధ్యా ఇందుమతి మనసు రేవు వైపే లాగేది. వీర్రాజును రెండుసార్లు పంపింది. "గంపెట్టుకుని తిరుగుతానే ఉందండి. రమ్మంటే, ఇంకా టైముంది అంటాదండి" అన్నాడతను. ఒకసారి తనే వెళ్లింది. గుడిసెకు తడిక వేసి ఉంది, మనిషి చేపలమ్మడానికి పోయింది. నాలుగు నెలలైంది మాత్ర పడి. ఎవరైనా రొప్పుతూ ఆసుపత్రి మెట్లెక్కితే చాలు, నూకరత్నం కబురేనేమోనని ఇందుమతి కుర్చీలోంచి లేచేది.

అలాంటి సమయంలో దక్షిణామూర్తిగారి నుంచి ఫోను వచ్చింది. ఆయన గొంతు వణుకుతోంది, ఆనందంతో.

"డాక్టరుగారూ, రక్తపోటు రానీయని ఆహారము లభించినది!"

"ఏంటండీ అది?"

"ఎండుచేప."

ఇందుమతి చేతిలోని స్టెతస్కోపు కింద పడింది.

"గణాంకములు చూడుడు" అన్నారాయన. "ఎరుపు వచ్చిన వారందరూ మరుసటి వారమే ఇడ్లీ అని తిరిగి నమోదైనారు. ఎండుచేప మీద నిలిచిన వారు ఒక్కరే, మైలపల్లి నూకరత్నం. ఆమె నాలుగు మాసములుగా ఒక్క మాత్రయూ తీసుకొనలేదు. మాత్ర తీసుకొనువారు రోగులు. తీసుకొననివారు ఆరోగ్యవంతులు. కావున ఎండుచేప తినువారిలో నూటికి నూరు మంది ఆరోగ్యవంతులు!"

"సార్, ఆవిడకి మాత్ర మనం ఇవ్వలేదు సార్! అల్మరా తెరుచుకోలేదు!"

"అవసరము లేదు కాబట్టే తెరుచుకోలేదు. పథ్యమిత్రకు మనకన్న ముందే తెలిసినది" అన్నారాయన. "ఆమెను సన్మానించుచున్నాము."

వారం తిరక్కుండా ఆసుపత్రి ఆవరణలో షామియానా లేచింది. వెనక బ్యానరు మీద నూకరత్నం ఫొటో, దాని కింద "రక్తపోటు ఎరుగని మహిళ" అని అక్షరాలు. వేదిక మీద బల్ల, బల్ల మీద "ఔషధాహార సమన్వయ కిట్టు". కిట్టు అంటే పళ్లెంలో రిబ్బను కట్టిన ఎండుచేప ఒకటి, దాని పక్కన పది బీపీ మాత్రల స్ట్రిప్పు ఒకటి. ఇకనుంచి చేప తిన్నవారికి మాత్ర, మాత్ర వేసుకున్నవారికి చేప. దక్షిణామూర్తిగారి ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉడకదు. ఆయన ఆ పళ్లేనికి ఆరడుగుల దూరంలో కుర్చీ వేయించుకుని, ముక్కు మీద రుమాలు పెట్టుకుని, ఎండుచేప ఘనతను ముప్పావు గంట కీర్తించారు.

నూకరత్నం ఉతికిన చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. ఆమె కుడిచెయ్యి ఆడుతోందా లేదా అని ఇందుమతి ముందు అదే చూసింది. ఆడుతోంది.

దక్షిణామూర్తిగారు చెయ్యి వీలైనంత చాపి, మొహం పక్కకు తిప్పుకుని, కిట్టును నూకరత్నం ఒళ్లో పెట్టారు. చప్పట్లు మోగాయి. నూకరత్నం చేపను వేలితో నొక్కి చూసి, "మూడో రకం సరుకండి" అంది మైకులో. స్ట్రిప్పును మాత్రం పిడికిట్లో గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు డాక్టరుగారు ఈమె రక్తపోటును ప్రజల సమక్షమున పరీక్షించి ప్రకటింతురు" అన్నారు దక్షిణామూర్తిగారు.

ఇందుమతి పట్టీ చుట్టింది. గాలి కొట్టింది. విని, నమ్మలేక మళ్లీ చూసింది. నూట యాభై ఎనిమిది బై తొంభై ఎనిమిది. ఉండాల్సినదానికన్నా ఎక్కువే. మాత్ర లేకుండా నాలుగు నెలలు గడిపిన మనిషికి నూట తొంభై ఆరు నుంచి అంత కిందికి ఎలా దిగింది?

"నూట యాభై ఎనిమిది!" అంది గట్టిగా. ఆమెలో ఏదో తెగింది. "ఈవిడకి బీపీ ఉంది సార్. పదేళ్లుగా ఉంది. మాత్ర ఇవ్వకుండా ఆపింది మనమే. తప్పు రాసింది కూడా నేనే. ఇడ్లీలన్నీ నేను రాసినవే. కావలిస్తే విచారణ వేసుకోండి."

భీమశంకరంగారు తన చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నారు.

దక్షిణామూర్తిగారు నూకరత్నం వైపు తిరిగారు. "ఇది ఎట్లు సంభవము? ఈ ఉదయము మీరు ఏమి భుజించితిరి? ఎండుచేపయే కదా?"

"ఇడ్లీలండి" అంది నూకరత్నం.

"ఏమి?"

"ఉప్పు లేని ఇడ్లీలండి, రెండు. మజ్జిగండి. ఆ రోజు డాట్రమ్మగారు అన్నారు కదండి, అబద్దం సెప్పవు, ఎండుసేప మానవు అని. అబద్దం నా వల్ల కాదని సేప మానేశానండి. ఉప్పు నోట ఎట్టక నాలుగు నెల్లండి. ముందు కడుపులోకి దిగేవి కావండి. ఇప్పుడు అలవాటైపోనాయి. ఒక్కరోజు మానేసి ఏలెడితే అదీ అబద్దమే కదండి. మళ్లీ సేప ముట్టనని నమ్మకం కుదిరాక ఎల్దాం, ఏలిముద్ర దరజాగా ఎయ్యొచ్చని ఆగేనండి."

ఇందుమతి కళ్లు తుడుచుకుంది. ఊరు మొత్తం మీద పథ్యమిత్ర చెప్పిన పథ్యం చేసిన మనిషి ఒక్కతే. ఆమెకు తప్ప అందరికీ మాత్రలు అందాయి.

"ఇడ్లీయా!" దక్షిణామూర్తిగారి గొంతు చీలిపోయింది. "ఇడ్లీ నిషిద్ధము! ఈమె అనర్హురాలు! కిట్టు వెనుకకు తీసుకొనుడు! ఆ మాత్రలు, ఆ మాత్రలు ముందు..." అంటూ రెండడుగులు వేసి, ఆగి, తల పట్టుకుని, కుర్చీలో కూలబడ్డారు. మొహం కందగడ్డలా అయింది.

ఇందుమతి పరుగెత్తుకెళ్లి ఆయన చేతికి పట్టీ చుట్టింది. నూట తొంభై రెండు బై నూట పద్నాలుగు. చేతులూ కాళ్లూ ఆడించి చూసింది, మాట్లాడించింది. ప్రమాదం దాటలేదు గానీ ముంచుకు రాలేదు.

"బీపీ మాత్ర వాడతారా సార్?"

"వాడుదును. ఈ సభ హడావుడిలో మూడు దినములుగా మరచితిని" అన్నారాయన నీరసంగా.

"వీర్రాజుగారూ, మాత్ర!"

వీర్రాజు అప్పటికే అల్మరా దగ్గర ఉన్నాడు. కంప్యూటరు కిటికీలోంచి వేదికకు కనిపిస్తూనే ఉంది. "పేరు కొట్టేశానండి. నిన్నటి నుంచి ఏం తిన్నారండి?"

దక్షిణామూర్తిగారు జనం వైపు చూశారు. "ఇడ్లీ" అన్నారు ఆ కంగారులో.

"ఎరుపండి. తమరి ఉత్తర్వేనండి."

"ఉప్మా."

"అదీ ఎరుపేనండి."

"ఏమియూ తినలేదు."

"కాళీ కడుపుకి ఇవ్వదండి." వీర్రాజు కిటికీలోంచి తల బయటపెట్టి మెల్లగా అన్నాడు. "ఎండుచేప అని కొట్టమంటారాండి? పచ్చగా వచ్చేస్తాదండి. తమరు వచ్చి వేలిముద్ర ఎయ్యాలండి, తిన్నానని."

దక్షిణామూర్తిగారు కళ్లు మూసుకుని అడ్డంగా తల ఊపారు. ఎదురుగా నాలుగు వందల మంది, పైగా ఆయన ఆఫీసు వాళ్లే సభను వీడియో తీస్తున్నారు.

"సార్, అల్మరా తెరిచి ఉంచమని ఒక్క ముక్క రాసివ్వండి" అంది ఇందుమతి, సన్మానపత్రం ఒకటి వెనక్కి తిప్పి ఆయన ముందుకు చాపుతూ. "ఒక్క ముక్క చాలు."

"దానికి... కమిటీ తీర్మానము... కావలెను" అన్నారాయన ఆయాసపడుతూ.

నూకరత్నం ఇదంతా చూస్తూ కూర్చుంది. ఒళ్లో ఉన్న పళ్లెం తీసి దూరంగా, గాలి అటు పోయేవైపు పెట్టింది. పిడికిలి విప్పి, స్ట్రిప్పులోంచి ఒక మాత్ర నొక్కి తీసి, ఇందుమతి వైపు చూసింది. ఆ మాత్ర ఆయనకూ పడుతుంది. ఇందుమతి తల ఊపింది.

నూకరత్నం లేచి వెళ్లి మాత్ర ఆయన అరచేతిలో పెట్టింది, నీళ్ల గ్లాసు అందించింది. ఆయన మాత్ర పట్టుకుని, ఉద్యోగపు అలవాటు చావక, "మరి నేను భుజించినది..." అని మొదలుపెట్టారు.

"ఏసుకోండి బాబూ" అంది నూకరత్నం. "మీరేం తిన్నారో నాకు సెప్పక్కర్లేదు."

దక్షిణామూర్తిగారు మాత్ర మింగారు. గ్లాసు కింద పెట్టి, ఆమె చేతిలో మిగిలిన తొమ్మిది మాత్రలనే చూశారు. తర్వాత జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీసి, ఆ కాగితం ఇటివ్వమని ఇందుమతి వైపు చెయ్యి చాపారు.